నోరక్కర్లేని అంగడి

నారాయణస్వామి అని అంత పొడుగు పేరు పెట్టేటప్పుడు వాళ్ల నాయన ఏం ఆలోచించాడో ఆయనకే తెలియాలి. పెట్టించుకున్నవాడు మాత్రం ముప్పై ఆరేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని ఒక్క ఊపిరిలో చెప్పలేకపోయాడు. 'నా' దగ్గరే నాలుక అంగిలికి అతుక్కుపోయేది. మెడ నరాలు ఉబ్బేవి, కళ్లు మూతపడేవి. ఎదుటివాళ్లు జాలిపడి, ఆ పేరేదో తామే చెప్పేసేవాళ్లు.

ధర్మవరంలో అతనికి తెలిసినవాళ్లంతా మంచివాళ్లే. వచ్చిన కష్టమంతా ఆ మంచితనంతోనే. నారాయణస్వామి నోరు తెరిస్తే చాలు, మాట అందించడానికి పోటీ పడేవాళ్లు. "నీళ్లు కావల్లనా? బస్సు పోయిందా? మీ అన్న పిలుస్తాండాడా?" అని ఒకదాని వెంట ఒకటి. ఏదో ఒకదానికి తలూపితే ఆ గండం గట్టెక్కేది. అలా తలూపి తలూపి, దాహం లేకుండా తాగిన నీళ్లు, ఇష్టం లేకుండా తిన్న ఉప్మా, చూడదలుచుకోని సినిమాలు చాలానే పోగయ్యాయి. ఒక పెళ్లి సంబంధం కూడా అలాగే పోయింది. పిల్ల నచ్చిందని చెప్పబోతుంటే మేనమామ తొందరపడి "నచ్చలేదంటాండాడు" అని అందించాడు. నారాయణస్వామి అలవాటు కొద్దీ తలూపేశాడు. ఆ పిల్లకు ఇప్పుడు ఇద్దరు కొడుకులు.

వాళ్లది పట్టుచీరల అంగడి. అన్న గంగాధర ముందర పరుపు మీద దిండుకు ఆనుకుని బేరాలు చూసేవాడు. నారాయణస్వామి గోడవారగా చెక్కబల్ల మీద కూర్చుని, విప్పి పడేసిన చీరలను మళ్లీ మడతపెట్టేవాడు. గంగాధర నోటికి తిరుగులేదు. మనిషి మెట్టు ఎక్కకముందే "రండమ్మా, కూర్చోండి, పెండ్లి ఎవరిది?" అని మొదలుపెట్టేవాడు. ముందు సాదా చీరలు పరిచేవాడు. వచ్చినవాళ్ల కళ్లు చూస్తూ కొంచెం కొంచెంగా పైరకానికి పోయేవాడు. అన్నిటికన్నా మంచి చీర, వాళ్లు టీ తాగి కాళ్లు చాపుకుని కూర్చున్నాక గానీ బీరువాలోంచి బయటికి వచ్చేది కాదు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. అంగట్లో 'లేదు' అనే మాట నోట రాకూడదు. అడిగిన చీర లేకపోతే "పొద్దున్నే పోయిందమ్మా, దాన్ని తలదన్నేది చూపిస్తా" అనాలి. ఇది నాయన కాలం నుంచి వస్తున్నదే, గంగాధర కొత్తగా పెట్టింది కాదు.

రెండువేల నాలుగులో ఎదురంగడివాళ్లు బోర్డు మీద తమ పేరు కింద ఇంగ్లీషులో ఒక వెబ్‌సైటు అడ్రసు రాయించారు. అది చూసినప్పటి నుంచి గంగాధరకు అన్నం సహించలేదు. వారం తిరక్కుండా బెంగుళూరు నుంచి టై కట్టుకున్న మనిషి ఒకాయన్ను పిలిపించాడు. ఆయన చెప్పిన రేటు విని గంగాధర ముఖం మాడిపోయింది.

"అంత ఏంటికప్పా?"

"కోడింగ్ ఉంటుంది సార్. కోడింగ్ రానివాళ్లు చేసే పని కాదు."

"రానోళ్లు చేసుకునేది ఏమీ ఉండదా?"

"ఉన్నాయి సార్, అలాంటి సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. కానీ అవి పిల్లలు ఆడుకునేవి."

ఆ మనిషి వెళ్లిపోయాక నారాయణస్వామి ఒక పాత బిల్లు వెనక 'నేను చేస్తా' అని రాసి అన్న ముందుకు జరిపాడు. గంగాధర దాన్ని చదివి, తమ్ముడి ముఖం చూసి, మళ్లీ చదివాడు.

"నీకు కోడింగ్ యాడ వచ్చురా?"

నారాయణస్వామి చీర మడత పెట్టుకుంటూ ఉండిపోయాడు.

"సరే, చెయ్. పోయేదేముండాది. మాట్లాడేదంతా నేను చూసుకుంటాలే."

మాట్లాడే పని లేకపోవడమే దానిలోని సుఖమని అన్నకు ఎవరు చెప్పాలి? వెబ్‌సైటు అంటే నోరక్కర్లేని అంగడి అని నారాయణస్వామికి ఆ టై మనిషి మాటల్లోనే అర్థమైంది. అందులో లక్షలు గడించాలని అతనికేమీ లేదు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు తన మాట చివరిదాకా విని, తన చేతి నుంచి చీర తీసుకుంటే చాలు. నడుమ ఎవరూ మాట అందించకూడదు. పుట్టి బుద్ధెరిగినాక అతను కోరుకున్నది ఇదొక్కటే.

ప్రతి బుధవారం హిందూపురంలో ఒక అంగడికి చీరలు చేరవేసే పని అతనిది. ధర్మవరంలోనూ ఇంటర్‌నెట్ సెంటర్లు ఉన్నాయి, కానీ వాటిలో అతన్ని ఎరిగినవాళ్లు ఉన్నారు. హిందూపురంలో ఎవరికీ అతను ఎవరో తెలియదు. స్టేషన్ రోడ్డులో దానియేలు అనే ఆయన నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని సెంటరు నడిపేవాడు. నలభై దాటిన మనిషి. తెలుగూ కన్నడమూ కలిపి పొద్దంతా తనే మాట్లాడేవాడు, ఎదుటివాళ్ల జవాబుతో ఆయనకు పనిలేదు.

"బారప్పా, కూర్చో. దుడ్లు ముందే ఇయ్యాల. కరెంటు పోతే నా పూచీ లేదు."

జవాబు అడగని మనిషి దొరకడం కూడా ఒక అదృష్టమే. నారాయణస్వామి డబ్బులు ఇచ్చి మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని పత్రికల్లో రాసేవాళ్లు ధర చూస్తారు, వేగం చూస్తారు, హంగులు చూస్తారు. నారాయణస్వామి చూసింది ఒక్కటే. దీన్ని నేర్చుకోవాలంటే ఎవరినైనా నోరు తెరిచి అడగాల్సి వస్తుందా, రాదా? ఈ కొలత ఏ పత్రికలోనూ కనబడదు.

మొదటిది బెంగుళూరు ఫుట్‌పాత్ మీద దానియేలు కొనుక్కొచ్చిన సీడీ. పెద్ద పెద్ద కంపెనీలవాళ్లు వాడేదట. తెరవగానే తెర నాలుగు పక్కలా చిన్న చిన్న పెట్టెలు, ఆ పెట్టెల్లో మళ్లీ పెట్టెలు లేచి నిలబడ్డాయి. నడుమ పని చేసుకోవడానికి మిగిలింది అరచేతంత జాగా. ఫోటో ఒకటి తెచ్చి పెట్టాడు. అది పోయి ఎడమపక్క మూలన కూర్చుంది. ఎంత లాగినా నడిమికి రాదు. రెండు బుధవారాలు దానితో కుస్తీ పట్టాడు.

"దానికి బెంగుళూర్లో మా దోస్తు ఒగడుండాడు, బాగా తెల్సు వానికి," అన్నాడు దానియేలు. "నంబరిస్తా, ఫోన్ చేసి అడుగు."

నారాయణస్వామి సీడీ తీసి ఆయన చేతిలో పెట్టేశాడు.

రెండోది అంతకుముందే కంప్యూటర్లో ఉన్నది, ఉత్తరాలూ బిల్లులూ టైపు చేసుకునే మామూలు సాఫ్ట్‌వేర్. అందులోనే రాసుకుని, ఫోటోలు అతికించి, చివరన వెబ్‌పేజీగా దాచుకోవచ్చు. ఎవరినీ అడగనక్కర్లేదు. ఒక్క మధ్యాహ్నంలో పేజీ తయారై, నారాయణస్వామి కళ్లకు ముచ్చటగా కనిపించింది. మరుసటి బుధవారం ఆ కంప్యూటర్ ముందు వేరెవరో కూర్చుని ఉంటే, ఫ్లాపీ తీసుకుని పక్కదాంట్లో తెరిచాడు. రాతలన్నీ ఉన్నాయి. చీరలు ఉండాల్సినచోట ఖాళీ గళ్లు, గడికొక ఎర్ర ఇంటూ గుర్తు. చీరలన్నీ పాత కంప్యూటర్లోనే ఉండిపోయాయి.

"ఫోటోలు యాడో ఉంటాయి, పేజీ యాడో ఉంటాది," అని దానియేలు వివరించాడు. "రెండూ కలిపి పైకి పంపియ్యల్ల. పంపేదానికి ఇంగో సాఫ్ట్‌వేర్ ఉండాది. అది నాకూ రాదు. ఎవురినన్నా అడగాల."

మళ్లీ అడగాలి.

మూడోది దొరికేసరికి ఎండాకాలం వచ్చేసింది. అది ఇంటర్‌నెట్‌లోనే ఉండే ఉచిత సైటు, సీడీ లేదు, ఫ్లాపీ లేదు. కోడింగ్ రానివాళ్ల కోసమే పెట్టారు. లోపలికి పోగానే అదే అడగడం మొదలుపెట్టింది. మీ సైటు పేరేమిటి? కింద ఒక ఖాళీ గడి. ఆ గడిలో సన్నటి నిలువుగీత ఒకటి వెలుగుతూ, ఆరుతూ ఉంది. నారాయణస్వామి ఒక అక్షరం కొట్టి, కొట్టేసి, ఆలోచించాడు. గీత వెలుగుతూనే ఉంది. ఇంకో అక్షరం కొట్టి ఊరుకున్నాడు. అది మాట అందించలేదు. గడియారం చూసుకోలేదు. ఇదేనా, అదేనా అని తొందరపెట్టలేదు. తను ముగించి మీట నొక్కేదాకా అలాగే నిలబడింది. ఇంతకాలం ఇలా తన కోసం ఆగినది ఇంకొకటి లేదని తోచి, అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దానియేలు చూస్తాడేమోనని ముఖం తుడుచుకుని, కరెంటు ఫ్యాను దుమ్ము అన్నట్టు పైకి చూశాడు.

దాని లోపాలు చెప్పాలంటే బోలెడు. ఒక్క ఫోటో ఎక్కేలోపు టీ తాగి రావచ్చు. పేజీ తలమీద వాళ్ల ప్రకటన ఒకటి తిరుగుతూ ఉంటుంది, అదీ పెండ్లి సంబంధాలది. రంగులూ గీతలూ మనిష్టం కాదు, వాళ్లు తయారుచేసి ఉంచిన అచ్చుల్లో ఒకటి ఏరుకోవాలి. పుట్టినరోజు అచ్చు, ఫుట్‌బాల్ జట్టు అచ్చు, హోటలు అచ్చు, కొత్తగా పుట్టిన బిడ్డ అచ్చు. చీరలకు అచ్చు లేదు. ఒక పేజీ తర్వాత ఇంకో పేజీ వరసగా తిప్పుకుంటూ పోయే వీలు ఒక్కదాంట్లోనే ఉంది. దాని పేరు 'మా కుక్కపిల్ల'. ప్రతి పేజీ మూలనా కుక్క అడుగుజాడలు. తీసేయాలంటే కోడింగ్ రావాలి.

"ఇది పిల్లలాట అప్పా," అన్నాడు దానియేలు వెనక నుంచి వంగి చూసి. "పట్టుచీరల మీద కుక్క నడిసినట్టుండాది. ఆ సీడీదే తీసుకో, నేర్చుకుంటే వస్తాది."

నారాయణస్వామి 'మా కుక్కపిల్ల' మీదే నొక్కాడు. అందరూ వద్దన్నదాన్ని అతను ఎంచుకోవడం బహుశా అదే మొదలు.

చీరలను ఫోటో స్టూడియోలో తీయించి, దానియేలు దగ్గర స్కాన్ చేయించి, వారానికి రెండు మూడు పేజీల చొప్పున ఎక్కించాడు. మొదటి పేజీలో చీర లేదు. 'రండి, కూర్చోండి' అని మాత్రమే ఉంది, తెలుగే గానీ ఇంగ్లీషు అక్షరాల్లో. రెండో పేజీలో సాదా చీర. మూడోదాంట్లో దానికన్నా కాస్త మేలు. అలా పేజీలు తిప్పుకుంటూ పోతే, అంగట్లో అన్నిటికన్నా మంచి చీర చిట్టచివరి పేజీలో ఉంటుంది. అంగడి పద్ధతి అది. మంచి చీరను గుమ్మంలోనే పరచడమంటే దాన్ని చిన్నబుచ్చడమే. ఇంటర్‌నెట్‌లో ఎవరూ కూర్చోరని, టీ తాగరని, రెండో పేజీ చూసి మూడోది చూడకుండానే లేచిపోతారని అతనికి తెలియదు. దానియేలు చెప్పాడు కూడా.

"ముందరే మంచిది పెట్టప్పా. ఈడ ఎవురికీ ఓపిక లేదు."

నారాయణస్వామి అడ్డంగా తలూపాడు. నెలలు గడిచాయి. 'మాకు రాయండి' అన్న గడిలో ఎవరూ ఏమీ రాయలేదు. గంగాధర మొదట్లో వారం వారం అడిగేవాడు, తర్వాత ఆ సంగతే మరచిపోయాడు. వాన కురిసి వెలిసింది. ప్రతి బుధవారం నారాయణస్వామి తన సైటు తనే తెరిచి, మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా తిప్పుకుని, మూసేసి, సాయంత్రం బండికి ఇంటికి వచ్చేవాడు. తన అంగట్లో తనొక్కడే కూర్చుని రావడం అది.

దీపావళి దాటాక ఒక బుధవారం గడిలో రాత కనబడింది.

'మీ సైటు చివరిదాకా చూసినా. ఆ కుక్క అడుగులు ఏంటికో తెలీలేదు గానీ, చివరి పేజీలో వంకాయ రంగు చీర, ఆవపువ్వు అంచుది, శానా బాగుండాది. ఇంకోటి, పెండ్లి ఎవరిదని మీరు యాడా అడగలేదు. అందుకే రాస్తాండా. స్వప్న, పెనుకొండ.'

ప్రపంచమంతా చూస్తుందని పెట్టిన అంగడికి మొదటి గిరాకీ పెనుకొండ నుంచి వచ్చింది. అతనెక్కే రైలు వారంవారం ఆ ఊరి మీదుగానే పోతుంది. నారాయణస్వామికి నవ్వొచ్చింది. ఒంటరిగా కూర్చుని పైకే నవ్వాడు.

'కుక్క మాది కాదు,' అని జవాబు రాశాడు. 'సైటుతోబాటు వచ్చింది. పొమ్మంటే పోలేదు.'

అలా మొదలైంది. స్వప్న పెనుకొండలో ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద పనిచేసేది. మధ్యాహ్నం పూట పని ఉండేది కాదు. ముప్పై రెండేళ్లు, పెళ్లి కాలేదు, ఇక చేసుకునే ఆలోచనా లేదు. తన జీతంతో తనకోసం ఒక పట్టుచీర కొనుక్కోవాలని మూడేళ్లుగా అనుకుంటూ ఉంది. కానీ ఏ అంగడి మెట్టు ఎక్కినా మొదటి మాట, పెండ్లి ఎవరిది అని. ఎవరిదీ కాదంటే ఒక చూపు చూస్తారు. ఆ చూపుకు జడిసి రెండుసార్లు ఉత్త చేతులతో వెనక్కి వచ్చేసిందట.

'పట్టుకూ పెండ్లికీ సంబంధం లేదు,' అని రాశాడు నారాయణస్వామి. 'నేసేటప్పుడు మగ్గం ఎవరి పెండ్లని అడగదు. అడిగేది మా అన్నే.'

రాతలో అతనికి నత్తి లేదు. రాతలో అతను గంగాధరకు తమ్ముడే. చమత్కారాలు వచ్చేవి, కథలు వచ్చేవి, దానియేలు మీద వెక్కిరింపులు వచ్చేవి. ఆమె జవాబులు కూడా పేజీలకు పేజీలు ఉండేవి. ఇంతగా మాట్లాడే మనిషి దొరికాక ఒంటరితనం తగ్గాలి కదా? అతనికి పెరిగింది. బుధవారం కాని రోజుల్లో, మడతలు పెడుతూ, ఎవరో అందించిన మాటకు తలూపుతూ, లోపల ఇంత మాట్లాడేవాణ్ని పెట్టుకుని కూర్చోవడం ఇదివరకటి కన్నా కష్టమైంది. రైలు పెనుకొండలో ఆగినప్పుడు కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూసేవాడు. ఆ వేళకు ఆమె ఆఫీసులో ఉంటుందని తెలుసు, ఉన్నా గుర్తుపట్టలేడు. దిగాలనిపించేది. దిగి ఏమని పలకరిస్తాడు? రైలు కదిలిపోయేది.

తనకు నత్తి అని ఆమెకు చెప్పలేదు. రెండుసార్లు రాసి, కొట్టేసి, ఆ జాగాలో అంచుల రకాల గురించి రాశాడు.

వంకాయ రంగు చీరను బీరువాలోంచి తీసి, తెల్లగుడ్డలో చుట్టి, తాను కూర్చునే చెక్కబల్ల కింద పెట్టుకున్నాడు. 'తీసిపెట్టినాను' అని ఆమెకు రాశాడు. అన్నకు మాత్రం చెప్పలేదు. చెప్పాలంటే ఎవరామె, ఏ ఊరు, ఎలా తెలుసు, ఇంత కథ నోటితో చెప్పాలి. ఆమె తన ఆఫీసు నంబరు పంపి, ఒకసారి ఫోన్ చేయమంది. అతను చేయలేదు. చివరకు, వచ్చే శుక్రవారం లీవు పెట్టి తానే వస్తానని రాసింది.

ఆ శుక్రవారం అంగడి నిండా జనం. లగ్గాల కాలం. పదకొండు గంటలప్పుడు నీలం రంగు నూలుచీర కట్టుకున్న ఒకామె ఒంటరిగా మెట్లు ఎక్కింది. పట్టు అంగడికి ఆడవాళ్లు ఒంటరిగా రారు. అందుకే నారాయణస్వామి చూడగానే గుర్తుపట్టాడు.

"రామ్మా, కూర్చో," అన్నాడు గంగాధర. "పెండ్లి ఎవరిది?"

"ఎవరిదీ లేదన్నా. చీర కావల్ల, అంతే." ఆమె గొంతు స్థిమితంగానే ఉంది. చుట్టూ చూసింది. "మీ వెబ్‌సైటు చేసినాయన ఎవరు?"

గంగాధరకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నవ్వాడు.

"అదా. మా తమ్ముడు చేసినాడులే. అదో, ఆడ కూర్చోనుండాడు. వాడు మాట్లాడ్డమ్మా."

"మాట్లాడ్డా? ఇన్ని దినాలూ నాతో మాట్లాడ్నాడే."

ఆమె నేరుగా చెక్కబల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నవ్వు ముఖం.

"నేను స్వప్నని. వంకాయ రంగు చీర తీసిపెట్నా అన్నారు గదా. ఉండాదా?"

నారాయణస్వామి నోరు తెరిచాడు. గాలి గొంతులో అడ్డం పడింది. మెడ బిగుసుకుంది, కళ్లు మూతపడ్డాయి. మడతలో ఉన్న చీరను రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాయి. అంగట్లో మాటలన్నీ ఆగిపోయినట్టు అతనికి తెలుస్తూనే ఉంది. కళ్లు తెరిచి చూశాడు. ఆమె ఇంకా అలాగే నిలబడి ఉంది. కంగారుపడలేదు, మాట అందించలేదు. ఇంకొంచెం సేపు అలా ఆగి ఉంటే వచ్చేది. తప్పకుండా వచ్చేదని అతను ఈనాటికీ అనుకుంటాడు.

గంగాధర ఆగలేకపోయాడు. చిన్నప్పటి నుంచి తమ్ముడి ముఖం అలా బిగుసుకుంటే అన్న చూస్తూ ఊరుకోలేడు. బీరువాకేసి చూశాడు. వంకాయ రంగు అక్కడ లేదు. 'లేదు' అనకూడదు.

"ఆ చీరనా? పొద్దున్నే పోయిందమ్మా. దాన్ని తలదన్నేది చూపిస్తా, రా ఈడికి."

ఆమె గంగాధర వైపు తిరగలేదు. నారాయణస్వామినే చూస్తూ అడిగింది.

"పోయిందా?"

నారాయణస్వామి తలూపాడు.

లేచి, బల్ల కిందికి వంగి, ఆ మూట విప్పి ఆమె ముందు పరిస్తే నోటితో పనేముంది అని మీరడుగుతారు. అడగండి. అతను తనను తాను ఆ మాట అడగని గంట లేదు. నాలుక బిగుసుకుపోతే చేతులూ కాళ్లూ కూడా బిగుసుకుపోతాయని, ఎవరు ఏ మాట అందించినా తల దానంతట అదే కిందికీ మీదికీ కదులుతుందని, అలవాటు లేనివాళ్లకు చెప్పినా తెలియదు. ఆమె "అట్లనా" అంది. మెట్లు దిగి పోయింది. నారాయణస్వామి చీర మడత పూర్తిచేశాడు. చీర అతని కాళ్ల దగ్గరే ఉంది.

సోమవారం, చేరవేయాల్సిన చీరలేమీ లేకపోయినా, హిందూపురం రైలెక్కాడు. దానియేలు "ఏమప్పా, ఇయ్యాల బుధవారమా?" అంటున్నా వినిపించుకోకుండా కూర్చుని రాశాడు. 'చీర అమ్మలేదు. నా దగ్గరే ఉంది. మీ కోసమే ఉంది.' పంపి, అక్కడే కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆమెకు పని ఉండని వేళకు జవాబు వచ్చింది.

'మీ అన్న పోయిందన్నాడు. మీరు ఎదురుగా కూర్చోని తలూపినారు. ఇప్పుడు ఉండాదంటాండారు. పోయిందని చెప్పి ఆశ పెంచేది, మళ్లీ ఉందని చెప్పి రేటు పెంచేది అంగళ్లలో మామూలే. నాకు తెలియంది కాదు. పెండ్లి ఎవరిదని అడిగినాడే మీ అన్న, ఆయన మీద నాకు కోపం లేదు. మీరట్ల చేస్తారనుకోలేదు. ఇంక రాయొద్దండి.'

నారాయణస్వామి జవాబు గడి తెరిచాడు. గీత వెలుగుతూ ఆరుతూ అతని కోసం కాచుకుని ఉంది. 'నాకు నత్తి,' అని రాశాడు. రాసి దాన్ని చూశాడు. ఇన్ని నెలలుగా పేజీలకు పేజీలు గలగలా రాసినవాడు, చమత్కారాలు పోయినవాడు, ఇప్పుడు దొరికిపోయాక నత్తి అంటే ఎవరు నమ్ముతారు? తనైతే నమ్మడు. ఆ రాతలోనూ తప్పు లేదు, తడబాటు లేదు, అన్ని రాతల్లాగే అదీ నున్నగా ఉంది. ఏరి కోరి తెచ్చుకున్న ఈ సాఫ్ట్‌వేర్ అతని ప్రతి మాటనూ ముచ్చటగా సర్ది పెట్టగలదు. అతని గొంతు ఎలా అడ్డం పడుతుందో చూపించగల గడి మాత్రం అందులో లేదు. దానికి నోరే కావాలి. అతను రాసింది కొట్టేసి లేచాడు.

దానియేలు సెంటరు పక్కనే ఎస్టీడీ బూతు. లోపలికి పోయి అద్దం తలుపు వేసుకున్నాడు. ఆమె ఇచ్చిన నంబరు కంఠతా వచ్చు.

"హలో," అంది ఆమె గొంతు.

అతని నోరు తెరుచుకుంది, అంతే.

"హలో, ఎవరు? హలో." ఫోను పెట్టేసింది.

మళ్లీ తిప్పాడు. "ఎవరప్పా అది? ఇది ఆఫీసు నంబరు," అని ఈసారి కోపంగా పెట్టేసింది. బయట బూతు నడిపే ఆయన అద్దంలోంచి చూసి, ఏమైంది, లైను కలవలేదా అన్నట్టు చెయ్యి తిప్పాడు. నారాయణస్వామి ఆయనకు వీపు పెట్టి నిలబడి మూడోసారి తిప్పాడు.

"హలో."

ఎప్పుడూ చేసేదేమిటంటే, మాట రాదని తెలియగానే పెదాలు మూసి, ఆ చప్పుడు ఎవరికీ వినబడకుండా మింగేస్తాడు. ఈసారి మింగలేదు. మొదటి అక్షరం దగ్గర గొంతు ఎలా కొట్టుకుంటుందో అలాగే కొట్టుకోనిచ్చాడు. చ్, చ్, చ్ అంటూ ఆ వికారమైన చప్పుడంతా ఫోనులోకి పోయింది. చెంపలు అదిరాయి, కళ్ల వెంట నీళ్లు కారాయి. చెవికి రిసీవరు నొక్కుకుని ఆమె పెట్టేసే చప్పుడు కోసం చూశాడు. అది రాలేదు. ఆమె మళ్లీ హలో అనలేదు. ఎవరని అడగలేదు. ఊపిరి మాత్రం సన్నగా వినబడింది. శుక్రవారం పొద్దున ఆమె చూసిన తన బిగుసుకున్న ముఖం ఇప్పుడు ఆమెకు గుర్తొస్తూ ఉందని అతనికి తోచింది. ఈ అద్దాల గదిలో అన్న లేడు, అందించేవాళ్లు ఎవరూ లేరు, తలూపినా కనబడదు.

"చ్... చీ... చీర," అన్నాడు. గోడకు చెయ్యి ఆనించి ఊపిరి పట్టాడు. "ఉం... ఉం... ఉండాది."

తల పైన మీటరులో ఎర్ర అంకెలు మారుతూనే ఉన్నాయి. ఆమె ఫోను పెట్టేయలేదు.